లచ్చమ్మను పిలిచిన మధ్యాహ్నం

ఆషాఢ అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

అర్ధరాత్రి కన్నా ఘోరమైన ఘడియ ఇదేనంటారు తెలిసినవాళ్లు. అర్ధరాత్రయితే మనిషి జాగ్రత్తగా ఉంటాడు. తలుపు గడియ వేస్తాడు, ఇష్టదైవాన్ని తలుచుకుంటాడు, వెనక అడుగుల చప్పుడైతే పరుగు తీస్తాడు. కానీ పట్టపగలు, నడిబజారులో, మృత్యువు పక్కకొచ్చి నిలబడి "ఎటు పోతున్నరు?" అని మర్యాదగా అడిగితే... నవ్వుతూ జవాబు చెబుతాడు!

ఆ రోజు ఎల్బీ నగర్ చౌరస్తా మీద ఆకాశం మసిపట్టిన మూకుడులా బోర్లించుకుని ఉంది. మేఘగర్జన ఏదో, మెట్రో రైలు రొద ఏదో తెలియడం లేదు. జిల్లాల నుంచి వచ్చిన బస్సులు పగలే దీపాలు వేసుకుని, గాలివానలో చిక్కిన పశువుల్లా అరుస్తున్నాయి.

ఆ చౌరస్తాకు కాస్త ఎడంగా, మూతబడిన టైర్ల దుకాణం పైగదిలో... సిద్ధిరాములు కపాలానికి స్నానం చేయిస్తున్నాడు!

అరవై దాటిన మనిషి. జడలు కట్టిన జుట్టు, నిప్పుల్లాంటి కళ్లు, నుదుట రూపాయంత సిందూరం. కింద వేలాడే బోర్డు మీద మాత్రం 'జాతకం, వాస్తు, దిష్టి' అని సాత్వికంగా రాసి ఉంటుంది. ప్లాస్టిక్ మగ్గుతో నీళ్లు పోసి, కపాలాన్ని తువ్వాలుతో తుడిచి, దాని దవడ మీద సిందూరం ముద్దను మందంగా మెత్తాడు. ఎముక కనిపించకుండా... మరీ మరీ మెత్తాడు!

"ఒక్క నోరు మిగిలింది..." అని గొణిగాడు. "ఇయ్యాల గది గూడ మూతవడ్తది."

తర్వాత కపాలాన్ని టిఫిన్ సంచిలో సర్ది, మేనల్లుడు శైలేందర్‌కు ఫోన్ చేశాడు.

"ఆమెను ఎక్కించుకో. నేను కింద నిలవడ్త."

*

ఆ నెల మొదట్లో సిద్ధిరాములు అక్క లచ్చమ్మ చనిపోయింది. గడ్డిఅన్నారంలో తన ఇంట్లో, సాయంత్రం దీపం పెట్టబోతూ గడప మీదే కుప్పకూలింది. గుండె ఆగిందన్నారు దవాఖానలో. పెద్దకొడుకు కొండల్ ఆ మాట నమ్మలేదు. పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారంలో ఉన్నన్నాళ్లూ ఇరవై మంది హమాలీలను ఒంటిచేత్తో అదిలించిన మనిషి లచ్చమ్మ. ఆమె గుండె ఎందుకు ఆగుతుంది?

దశదినకర్మ నాడు సిద్ధిరాములు నిమ్మకాయలు కోశాడు. ముక్కలు రెండూ బోర్లా పడ్డాయి. అతని కనుగుడ్లు పైకి తేలిపోయాయి...

"బాణామతి! మా అక్క గిన్నెల తిన్నోళ్లే చేసిండ్రు... గోడ అవతలి దిక్కు నుంచి ఒచ్చింది!"

అందరి చూపులూ ఒక్కసారే ప్రహరీగోడ మీదికి మళ్లాయి. గోడ అవతల ఉండేది సూర్యప్రభ. తెనాలి నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో వృక్షశాస్త్రం చెబుతుంది. భర్త గంగాధరరావు బ్యాంకు ఉద్యోగి. పన్నెండేళ్లుగా ఆ గోడ మీదుగా గోంగూర పచ్చడి ఇటు, సర్వపిండి అటు ప్రయాణం చేస్తూనే ఉన్నాయి. లచ్చమ్మకు కొడుకుల మీద కోపం వస్తే ఆ గోడ దగ్గరే చెప్పుకునేది.

అనుమానం పుట్టాక గోంగూర కూడా సాక్ష్యమే! ఆ గిన్నె ఎందుకు ఇచ్చింది? శవం లేస్తున్నప్పుడు ఆమె అంతలా ఎందుకు ఏడ్చింది? మూడోనాడు ఎందుకు ఊరెళ్లింది? కొండల్‌కు రాత్రిళ్లు నిద్ర పట్టడం మానేసింది.

అప్పుడే మేనమామ దారి చూపించాడు. అమావాస్య నాడు లచ్చమ్మ ఆత్మను పిలిచి, ఆ పంతులమ్మ ఒంట్లోకే దించాలి. చంపిన నోటితోనే చావు గుట్టు చెప్పించాలి. ఆఖరున ఇంత తీర్థం పోస్తే పంతులమ్మ అంతా మరిచిపోతుంది, ఇంటి దగ్గర దింపి రావచ్చు. చంపడమన్న మాటే లేదు... అని చెప్పాడు!

*

కిడ్నాప్ మహా మర్యాదగా జరిగింది.

కోచింగ్ సెంటర్ మెట్లు దిగి సూర్యప్రభ గొడుగు విప్పబోతుంటే శైలేందర్ వ్యాన్ వచ్చి ఆగింది.

"ఇంటి దిక్కే పోతున్న మేడం. వాన కొడ్తది, ఎక్కుండ్రి."

లచ్చమ్మ చిన్నకొడుకు, పక్కింటి పిల్లాడు. ముప్పయ్యేళ్లొచ్చినా ఆమె కంటికి పిల్లాడే. ఎక్కి కూర్చుని, "అమ్మ పోయాక సరిగా తింటున్నావా బాబూ? చిక్కిపోయావు," అంది. శైలేందర్ అద్దంలోకి చూడకుండా గేరు మార్చాడు. గడ్డిఅన్నారం మలుపు వెనకబడింది.

"ఇటెక్కడికి శైలేందర్? మన సందు దాటిపోయింది."

"మామను ఎక్కించుకోవాలె మేడం... ఎల్బీ నగర్ కాడ."

మామ ఎక్కాడు. టిఫిన్ సంచిని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకున్నాడు. "జర ఫోనియ్యి బిడ్డా, నాది బంద్ వడ్డది," అన్నాడు. సూర్యప్రభ ఇచ్చింది. అతను దాని గొంతు నొక్కి జేబులో వేసుకున్నాడు. వ్యాన్ ఫ్లైఓవర్ కింద వెనక్కి తిరిగింది. అద్దంలో ఆ ఎర్రని కళ్లు తనవైపే రెప్ప వేయకుండా చూస్తుంటే... ఆమె సీటు చివరికి జరిగింది.

"ఆ సంచిలో ఏముందండీ?"

"ప్రసాదం!"

పాత మార్కెట్ వెనక సందులో కొండల్‌కు ఒక గోదాము ఉంది. అరటిగెలలు మాగబెట్టిన చోటు. మార్కెట్ తరలిపోయాక పాడుబడింది. కిటికీలు లేవు. గోడలకు ఇంకా కుళ్లిన పండ్ల తియ్యని కంపు... దూలం మీద ఒక గుడ్లగూబ కాపురం! వ్యాన్ లోపలికి వెళ్లగానే వెనక ఇనుప తలుపు దభాలున మూసుకుంది.

ఖాళీ పండ్ల ట్రేల మీద ఆమెను కూర్చోబెట్టి శైలేందర్ సుతిలి తాడుతో చేతులు కట్టాడు.

"బిర్రుగయిందా మేడం?" అని అడిగాడు కూడా.

"ఏంటిదంతా? మీకేమైనా పిచ్చి పట్టిందా!" ఆమె కేకకు గుడ్లగూబ రెక్కలు టపటపలాడించింది.

చీకట్లోంచి కొండల్ వచ్చాడు. మాసిన గడ్డం, నిద్రలేని ముఖం. "మా అమ్మను ఎందుకు చంపిండ్రు?" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే ఆమెకు అంత భయం వేసేది కాదేమో!

"నేనా? లచ్చమ్మగారినా? కొండల్, ఆవిడ పోయిన దగ్గర్నుంచి నాకు అన్నం సహించడం లేదు..."

"గదే మాకు అనుమానం," అన్నాడు సిద్ధిరాములు.

కొండల్ కొత్త నంబర్ నుంచి గంగాధరరావుకు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు.

"నీ భార్య మా తాన ఉన్నది. మా అమ్మకు ఏం జేసిండ్రో ఒప్పుకో. లేకుంటే ఆమె ఇంటికి రాదు!"

అవతల ఒక నిట్టూర్పు వినిపించింది. "మొన్న ఢిల్లీ పోలీసులమన్నారు. నిన్న కొరియర్ అన్నారు. ఇవాళ భార్యా? నేను బ్యాంకులో పనిచేస్తాను నాయనా. ఓటీపీ మాట అటుంచు, నా పేరు కూడా చెప్పను."

"నీ పేరు గంగాధరరావే గదా!"

"చూశావా, నా వివరాలు ఎక్కడో కొన్నావు!"

కొండల్ ఫోన్ సూర్యప్రభ నోటి దగ్గర పెట్టాడు. ఆమె గుండెలవిసేలా అరిచింది. "ఏవండీ! నేనే! గోదాములో కట్టేశారండీ!"

"గొంతు భలే తయారు చేస్తున్నారయ్యా ఈ మధ్య కంప్యూటర్లో! అచ్చం ఆవిడే," అని మెచ్చుకుని గంగాధరరావు ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే కలవలేదు. నంబర్ బ్లాక్ చేసేశాడు!

"మీ ఆయన నమ్ముతలేడు మేడం," అన్నాడు శైలేందర్ దిగులుగా.

"కూరలో ఉప్పు వేశానన్నా నమ్మరు ఆయన," అంది సూర్యప్రభ. అంది గానీ, ఇక బయటి నుంచి ఎవరూ రారని అర్థమై ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

*

ఫెళఫెళమంటూ పిడుగు ఎక్కడో పడింది. గోదాము రేకుల మీద కుండపోతగా వాన మొదలైంది.

ముగ్గు మధ్య ప్రేతదీపం... దాని ముందు సిందూరం పూసుకున్న కపాలం! పొగ చుట్టలు చుట్టలుగా లేచింది. సిద్ధిరాములు కంఠం పాతాళకుహరంలోంచి వస్తున్నట్లు మోగింది... "హ్రీం! క్రీం! ప్రేతరూపిణీ! ఆగచ్ఛ! ఆగచ్ఛ! ఈ దేహంలో ప్రవేశించు! లచ్చమ్మా... రా!"

సూర్యప్రభ మంత్రాలను వినడం లేదు. అతని చేతులను చూస్తోంది. ఎర్రగుడ్డ చాటున అతను ఒక ఇత్తడి గ్లాసులో ఏదో కలిపాడు. కలిపాక వేళ్లు కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు. గ్లాసును అంచు తగలకుండా గుడ్డతో పట్టి జరిపాడు. పవిత్రమైన తీర్థాన్ని ముట్టుకుని ఇంతగా చేతులు కడుక్కునేవాడు ఎక్కడైనా ఉంటాడా?

ఆ గ్లాసు తన కోసమే... తాగితే మళ్లీ లేవను!

అన్నదమ్ములను చూసింది. చిన్నవాడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పెద్దవాడు రెప్ప వేయకుండా తల్లి కోసం ఎదురుచూస్తున్నాడు. నిజంగా ఎదురుచూస్తున్నాడు! ఆమెకు ఒక్కటే దారి తోచింది. లచ్చమ్మ వస్తే తనను చావనివ్వదు. రాకపోతే... తనే తీసుకురావాలి!

తల వెనక్కి వాల్చింది. విసురుగా విదిలిస్తే ముడి జారి జుట్టు విరబోసుకుంది. గొంతులోంచి ఒక మూలుగు... ఒక గుర్రు... ఆపైన, పన్నెండేళ్లు గోడ అవతల నుంచి విన్న ఆ కంఠం!

"ఒరే కొండలూ...! దీపం కాడికి చెప్పులేసుకొని ఒస్తావురా! సిగ్గు లేదారా నీకు?"

కొండల్ అదిరిపడి చెప్పులు విడిచేశాడు. శైలేందర్ సాగిలపడి ఆమె కాళ్లు పట్టుకున్నాడు. "అమ్మా! ఒచ్చినవా అమ్మా!"

"ఒచ్చిన. ఆడిబిడ్డను గిట్ల కడ్తరారా? నేను మీకు గిదే నేర్పిచ్చిన్నా? ఇప్పు! ముందు నాకింత చాయ్ తాపు!"

"వానల చాయ్ ఏడ దొరుకుతదమ్మా..."

"తాగనీకె పోతె దొరుకుతది గని, తల్లికైతె దొరకదా?"

శైలేందర్ ఏడుస్తూనే ముడి విప్పడం మొదలుపెట్టాడు. కుడిచేయి వదులైంది.

అక్కడ అందరికన్నా ఎక్కువ భయపడినవాడు సిద్ధిరాములు! ముప్పయ్యేళ్లుగా ఎన్ని శ్మశానాల్లో, ఎంతమందిని పిలిచాడో లెక్కలేదు. ఒక్కరంటే ఒక్కరు పలకలేదు! ఇవాళ పలికేసరికి అతను చదువుతున్న మంత్రమే మరిచిపోయాడు. కానీ క్షణంలోనే ఆ కళ్లలో జిత్తులు మెరిశాయి. లచ్చమ్మే అయితే మొదట తన గొంతు పట్టుకుని ఉండేది గదా!

"నాటకం!" అని గర్జించాడు. "పంతులమ్మ నాటకమాడుతున్నది! పట్టుండ్రి దాన్ని, తీర్థం పోస్త!"

"ఆగు మామా," అన్నాడు కొండల్.

అతను ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు. ఆశ, అనుమానం అతని ముఖంలో ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నాయి.

"నువ్వు మా అమ్మవే అయితే ఒక్కటి చెప్పు. బాపును మట్టిచేసిన నాడు నేను చాటుంగ ఒక పని జేసిన. మా అమ్మ ఒక్కతే చూసింది. నా పెండ్లానికి గూడ తెల్వదు. ఏందది?"

సూర్యప్రభ ఏం చెబుతుంది? లచ్చమ్మ కొడుకుల మీద వెయ్యి ఫిర్యాదులు చెప్పింది గానీ ఇలాంటిది ఎన్నడూ చెప్పలేదు.

వాన హోరు... గుడ్లగూబ కీచు అరుపు... కొండల్ కళ్లలో ఆశ మెల్లగా ఆరిపోయింది.

"నాటకమే," అన్నాడు.

సిద్ధిరాములు వికటంగా నవ్వాడు. గ్లాసు తీసుకుని ఆమె దవడలు నొక్కాడు. ఇత్తడి అంచు పెదవికి తగిలింది. ఆమె కళ్లు మూసుకుంది. ఆ క్షణంలో ఆమెకు మంత్రం గుర్తు రాలేదు, దేవుడూ గుర్తు రాలేదు.

'లచ్చమ్మగారూ... మీరు ఎక్కడున్నా సరే... ఒక్కసారి రండి!'

దీపం ఆరలేదు. గాలి లేకుండానే దాని నాలుక పక్కకు వాలి... అలాగే నిలిచిపోయింది! దూలం మీద గుడ్లగూబ కూత సగంలో తెగిపోయింది. మాగిన పండ్ల కంపు మాయమై, అప్పుడే తవ్విన తడిమట్టి వాసన గది నిండా కమ్ముకుంది!

సూర్యప్రభ కళ్లు తెరిచింది. ఈసారి జుట్టు విదిలించలేదు, గుర్రుమనలేదు. చాలా అలసిపోయిన ముసలిమనిషి నిద్రలేచినట్లు చూసింది.

"సీసా పెట్టినవ్ గద బిడ్డా..." అంది మెల్లగా.

లేవబోతున్న కొండల్ అలాగే కూలబడ్డాడు.

"అందరు మట్టెయ్యవోతున్నప్పుడు, రొండిల దోపుకున్న క్వార్టర్ సీసా తీసి మీ బాపు చెయ్యి కింద పెట్టినవ్. నీ ముంజేతి దారం తెంపి దాని మెడకు కట్టినవ్. 'దూపైతె తాగు బాపూ' అన్నవ్. నేను జూసిన. తాగీ తాగీ పోయినోనికి మల్ల సీసానా అనుకున్న. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. అందుకే ఏమన్లే."

"అమ్మా..." కొండల్ గొంతు చిన్నపిల్లవాడిదైపోయింది.

"గా సీసాను మల్ల జూసిన కొండలూ. దారంతోని సహా. వీని రూంల!"

ఆమె తల నెమ్మదిగా తిరిగింది. సిద్ధిరాములు చేతిలో గ్లాసు గడగడ వణికింది. ఒక్క చుక్కా ఒలకలేదు!

"సీసల అగరుబత్తులు గుచ్చిపెట్టిండు. మోకాలు నొప్పికి మందిస్తడని వాని తానికి పోయిన నేను. నా మొగని గోరి తవ్వి, సీస తాగి, ఆయన తలకాయ తెచ్చి పూజ జేస్తున్నడు నా తోడబుట్టినోడు! తుడువు బిడ్డా... గా దవడ తుడువు!"

కొండల్ చేయి దానంతటదే కదిలింది. కపాలం దవడ మీది సిందూరాన్ని బొటనవేలితో గీకాడు. పొర కింద పొర... పొర కింద పొర... తళుక్కున ఉక్కు మెరిసింది! చిన్న పట్టీ, దానికి రెండు స్క్రూలు. మార్కెట్లో లారీ మీంచి పడి దవడ విరిగినప్పుడు తండ్రికి దవాఖానలో వేసిన పట్టీ!

ఎనిమిదేళ్లుగా మేనమామ ఇంటికి వెళ్లినప్పుడల్లా తను దండం పెట్టిన కపాలం... తన తండ్రిది!

"గిదేంది తమ్మీ అని అడిగిన," అంది లచ్చమ్మ. "కొండల్‌కు చెప్త అన్న. కోపం జెయ్యకక్కా, తీర్థం తాగి ఇంటికి వో, రేపొచ్చి నేనే కాళ్లు మొక్కుత అన్నడు. తాగిన. ఇల్లు చేరిన. దీపం పెట్టనీకె చెయ్యి లేవలే..."

"అబద్ధం! పిశాచం! మాయ!" సిద్ధిరాములు వెనక్కి వెనక్కి జరిగాడు. "నేను నీకు మేనమామనురా కొండలూ! గా పంతులమ్మకు మీ అమ్మ అంతా చెప్పే ఉంటది! అందుకే గదా నేను..."

మాట నోట్లోనే ఆగిపోయింది. కానీ రావలసినంతా వచ్చేసింది!

కొండల్ నెమ్మదిగా లేచాడు. "ఏం చెప్పి ఉంటది మామా? అందుకే గదా నువ్వు... ఏంది?"

సిద్ధిరాములు ఇనుప తలుపు వైపు పరుగు తీశాడు. అక్కడ శైలేందర్ అడ్డంగా నిలబడి ఉన్నాడు. జీవితంలో ఎవరికీ ఎదురు నిలవని శైలేందర్! వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు గానీ కాలు కదపలేదు.

"తప్పుకో! రక్తం కక్కుకుంటవ్! నీ వంశం బుగ్గయితది!"

"తీర్థం మంచిదే అంటివి గదా తమ్మీ," అంది వెనక నుంచి ఆ చల్లని గొంతు. "ఈ బిడ్డకు ఏం గాదు, అంతా మరిచిపోతది అంటివి. అయితె నువ్వు తాగు."

"వద్దక్కా..."

"తాగు."

సిద్ధిరాములు గ్లాసును విసిరేయబోయాడు. వేళ్లు విడివడలేదు! ఇత్తడికి అతుక్కుపోయినట్లు బిగుసుకున్నాయి. అతను కళ్లప్పగించి చూస్తుండగా... తన కుడిచేయి, తనదే, తన మాట వినకుండా మెల్లగా పైకి లేవసాగింది! ఎడమచేత్తో దాన్ని పట్టి లాగాడు. పళ్లతో కొరికాడు. మోకాళ్ల మీద పడి దొర్లాడు. నేర్చిన బీజాక్షరాలన్నీ కేకలు పెట్టాడు. కాళిని, భైరవుణ్ణి, డాకినిని పేరుపేరునా పిలిచాడు. ఒక్కరూ పలకలేదు! ఏనాడూ పలకని వాళ్లు ఇవాళ ఎందుకు పలుకుతారు?

గ్లాసు పెదవి దాకా వచ్చింది. దవడలు బిగించాడు. అప్పుడు ఇంకొక చేయి, కంటికి కనపడని చేయి, అతని గడ్డం పట్టి... చంటిపిల్లవాడికి ఉగ్గు పోసే తల్లి ఎంత ఒడుపుగా నోరు తెరిపిస్తుందో అంత ఒడుపుగా తెరిపించింది!

"నిన్నెత్తుకొని పెంచిన చెయ్యిరా ఇది. మింగు."

చివరి చుక్క వరకు మింగాడు.

ఆ తర్వాత అతని ఆక్రందన వాన హోరును చీల్చుకుని దూలాలను వణికించింది. నేల మీద ముగ్గును కాళ్లతో చెరిపేస్తూ, గోళ్లతో సిమెంటు గీరుతూ కొట్టుకున్నాడు. మెడ నరాలు నీలంగా ఉబ్బాయి. కాసేపటికి కేక మూలుగైంది. మూలుగు బుడగైంది. ఆ బుడగా పగిలిపోయింది...

గుడ్లగూబ రెక్కలు విప్పుకుని రేకుల సందులోంచి వానలోకి ఎగిరిపోయింది.

లచ్చమ్మ కొడుకుల వైపు చూసింది. "మీ బాపును ఊరికి తీస్కపోయి ఆయన జాగల పండవెట్టుండ్రి. ఈ బిడ్డను ఇంటికాడ దింపి, ఠాణాకు వొయ్యి చేసిందంతా చెప్పుండ్రి. దాపెట్టకుండ్రి."

"నన్ను తిట్టమ్మా! ఒక్కటన్న కొట్టు!" కొండల్ ఆమె ఒళ్లో తల పెట్టాడు.

దీపం నిటారుగా లేచి మామూలుగా వెలగసాగింది. ఒళ్లో తల పెట్టుకుని ఏడుస్తున్న మనిషిని చూసి సూర్యప్రభ కెవ్వున అరిచి కాలితో తన్నింది.

*

ఇంటి దగ్గర దింపుతామంటే సూర్యప్రభ ఒప్పుకోలేదు. "ముందు స్టేషన్‌కే! నేనూ వస్తాను. మిమ్మల్ని నమ్మే రోజులు పోయాయి," అంది. వ్యాన్ వెనక సీట్లో, గొడుగును కర్రలా పట్టుకుని కూర్చుంది.

స్టేషన్‌లో గంగాధరరావు అప్పటికే ఉన్నాడు. భార్య కిడ్నాప్ అయిందని కాదు, ఎవరో కంప్యూటర్ గొంతుతో మోసం చేయబోయారని ఫిర్యాదు రాయిస్తున్నాడు! చెదిరిన జుట్టుతో, మణికట్టు మీద తాడు వాతలతో వచ్చిన భార్యను చూసి కలం జారవిడిచాడు. అప్పుడు కూడా ఒక్క క్షణం సందేహించాడు.

"నిజంగా... నువ్వేనా?"

"పొద్దున వంకాయ కూరలో ఉప్పు మర్చిపోయాను. మీరు నోరెత్తకుండా తిన్నారు. చాలా, ఇంకా చెప్పాలా?"

అంతే! ఆ పెద్దమనిషి అందరి ముందూ ఆమెను పట్టుకుని భోరుమన్నాడు.

లచ్చమ్మ దేహాన్ని బయటికి తీసి పరీక్షించారు. గ్లాసులో మిగిలిన తడిలో ఏ విషం ఉందో ఆమెలోనూ అదే ఉంది. సిద్ధిరాములు గ్లాసు మీద అతని వేలిముద్రలు తప్ప ఇంకెవరివీ లేవు. తన విషం తానే తాగాడని రాసుకున్నారు పోలీసులు. అన్నదమ్ములు ఒక్క అక్షరం దాచకుండా ఒప్పుకున్నారు. కపాలాన్ని అధికారుల ముందు, ఊళ్లో తండ్రి గోరీలోనే తిరిగి పూడ్చారు.

సూర్యప్రభ కూడా కోర్టులో జరిగింది జరిగినట్లే చెప్పింది. కట్టేశారని చెప్పింది, ఫోన్ లాక్కున్నారని చెప్పింది. జాలిపడి ఒక్క ముక్క తగ్గించలేదు. రాత్రిళ్లు ఇంకా ఉలిక్కిపడి లేస్తోంది. వ్యాన్ హారన్ వినిపిస్తే లేచి తలుపు గడియ చూసుకుంటోంది.

సాక్ష్యం చెప్పి బయటికి వస్తుంటే వరండాలో కొండల్ ఎదురయ్యాడు. పక్కన కానిస్టేబుల్.

"మేడం... ఒక్కటి అడుగుత. మొదలు చెప్పులిడువుమన్నది అమ్మ కాదు గదా?"

"కాదు. నేనే."

"చాయ్ అడిగింది?"

"నేనే. భయంతో నోటికొచ్చింది మాట్లాడాను."

"మరి సీసా సంగతి... మా అమ్మ మీకు ఎన్నడన్న చెప్పిందా?"

"ఏ సీసా?"

కొండల్ ఆమె ముఖంలోకి చూశాడు. అనుమానించడానికి అక్కడ ఏమీ దొరకలేదు. తల దించుకున్నాడు.

"ఆఖరికి తిట్టుమన్న, కొట్టుమన్న. ఏమనకుండనే పోయింది. పొయ్యేటప్పుడు నాతోని ఒక్క మాటన్న మాట్లాడకపాయె." చేతులు జోడించాడు. "మేడం... మా అమ్మ లెక్క... ఒక్కపారి..."

సూర్యప్రభకు ఒళ్లు మండిపోయింది. "నన్ను కట్టేసి చంపబోయి, ఇప్పుడు నన్నే అడుగుతున్నావా? సిగ్గుండాలి!"

విసురుగా నడిచిపోయింది. మెట్ల దాకా వెళ్లింది. భర్త ఆటో పిలుస్తున్నాడు. ఆమె ఆగింది. వెనక్కి తిరగలేదు. కొంగు భుజం మీదుగా లాక్కుని, వరండా అంతా వినిపించేలా కేకేసింది.

"ఒరే కొండలూ! లోపట ఎవనితోని లొల్లి పెట్టుకోకు! చిన్నోని మీద ఓ కన్నేసి ఉంచు! ఏడ్సింది చాలు గని... పో!"

అది నాటకమని కొండల్‌కు తెలుసు. అతనికి తెలుసని ఆమెకూ తెలుసు.

"సరేనమ్మా," అని, కొండల్ కానిస్టేబుల్ వెంట నడిచాడు.